లెదర్ ఫ్లైట్ జాకెట్ మీద ప్యాచ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లైట్ జాకెట్, అంటే పైలట్లు వేసుకునే తరహా తోలు జాకెట్, కొన్న నెలా రెండు నెలలకు ఎవరికైనా ప్యాచ్‌ల మీదికి, అంటే దాని మీద కుట్టే గుర్తుల, బొమ్మల ముక్కల మీదికి మనసు పోతుంది. అక్కణ్నుంచి అందరివీ అవే సందేహాలు: కుట్టొచ్చా, అతికించొచ్చా, ఇస్త్రీ పెట్టొచ్చా, రేపు వద్దనుకుంటే తీసేయొచ్చా. బట్టకు పడిన సూది రంధ్రం రెండు ఉతుకులకు పూడిపోతుంది. తోలుకు పడిన రంధ్రం జాకెట్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కింద ఇచ్చిన సలహాలన్నీ ఈ తేడా వల్ల పుట్టినవే. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా రాశాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టకముందు

నాది నిజం తోలో రెగ్జినో తెలీదు. ప్యాచ్ వేయడానికి అది తెలియాలా?

తెలియాలి. జేబు లోపలి అంచో, జిప్పు పక్కన లైనింగ్ కొంచెం వదులుగా ఉన్న చోటో చూడండి. తోలు వెనకవైపు నూగుగా, పీచుపీచుగా ఉంటుంది. రెగ్జిన్ అయితే వెనక అల్లిన బట్ట కనిపిస్తుంది. రెగ్జిన్‌లో కుట్టును పట్టి ఉంచేది ఆ బట్టే కాబట్టి కుట్టు నిలుస్తుంది కానీ, పైపూత సూది పడిన చోటినుంచే చిట్లి పొరలుగా లేస్తుంది. వేడి తగిలితే పూత కరిగిపోతుంది. అలాంటి జాకెట్‌కు ఒక చిన్న ప్యాచ్‌తో సరిపెట్టుకోండి. ఖరీదైన ప్యాచ్ దానికి దండగ.

గుర్రపుతోలు, మేకతోలు, గొర్రెతోలు: ఏది ప్యాచ్‌ను బాగా మోస్తుంది?

మొదటి రెండూ. అమెరికా ఆర్మీ ఎయిర్ కోర్ 1931లో తెచ్చిన ఏ-2 జాకెట్లు ఎక్కువగా గుర్రపుతోలువి, కొన్ని మేకతోలువి. నేవీ వాళ్ల జీ-1, అంటే కాలర్‌కు బొచ్చు ఉండేది, మేకతోలుది. రెండూ గట్టి పీచున్న తోళ్లు. ఆవుతోలూ ఫరవాలేదు.

చిక్కంతా ఇప్పుడు మాల్స్‌లో ‘బాంబర్’ పేరుతో అమ్మే పల్చటి గొర్రెతోలుతోనే. చేతికి వెన్నలా మెత్తగా తగులుతుంది, అందుకే కొంటాం. అదే మెత్తదనం వల్ల బరువైన ఎంబ్రాయిడరీ ప్యాచ్ వేలాడి, పై అంచు దగ్గర తోలు సాగిపోతుంది. దీనికి ప్యాచ్ పెట్టాలంటే తోలు వెనకవైపు ప్యాచ్ కంటే కాస్త పెద్దదిగా ఒక నూలుగుడ్డ ముక్క దన్నుగా ఉంచి, రెండూ కలిపి కుట్టించాలి.

రెండో ప్రపంచయుద్ధం నాటి అసలు ఏ-2 దొరికింది. దాని మీద ప్యాచ్ వేయొచ్చా?

దయచేసి వేయకండి. సైన్యం ఏ-2లు కొనడం 1943లోనే ఆపేసింది. అంటే మీ చేతిలో ఉన్న తోలుకు 80 ఏళ్లు దాటాయి. పీచు ఎండిపోయి ఉంటుంది, కొత్త కుట్టు వరుస పడితే సరిగ్గా ఆ వరుస వెంటే చిరుగుతుంది. పైగా పాత ప్యాచ్ ఊడిపోయిన చోట మిగిలిన రంధ్రాలు, ఎండ తగలక ముదురు రంగులో ఉండిపోయిన ఆకారం చూసే ఆ జాకెట్ ఏ దళానిదో పోల్చుకునేవాళ్లున్నారు. కొత్త ప్యాచ్ వేస్తే ఆ ఆనవాలు పోతుంది. ప్యాచ్ సరదా తీర్చుకోవడానికి అదే నమూనాలో కొత్తగా కుట్టిన జాకెట్లు దొరుకుతాయి.

మామూలు టైలర్‌కు ఇవ్వనా, చెప్పులు కుట్టే ఆయనకు ఇవ్వనా?

ఇద్దరికీ వద్దు, సీటు కవర్లు కుట్టే షాపుకో, బ్యాగులూ సూట్‌కేసులూ బాగుచేసే షాపుకో వెళ్లండి. టైలర్ పనితనానికి వంక లేదు, ఆయన మెషినే బట్టకోసం చేసింది. బట్టను పైనుంచి నొక్కిపట్టే ఫుట్ తోలుకు అతుక్కుని కుట్లు ఒకచోట కుప్పపడతాయి. చెప్పులు కుట్టే లావు సూది, మందం దారం చెప్పు అట్టకు సరిపోతాయి కానీ జాకెట్ తోలుకు మరీ మోటు. సీటు కవర్ల షాపులో, బట్టను ముందుకు జరిపే కింది పళ్లతో పాటు పై ఫుట్ కూడా కదిలే మెషిన్ ఉంటుంది. అది తోలును పైనుంచీ కిందనుంచీ సమానంగా ముందుకు నడుపుతుంది.

వెళ్లాక మూడు మాటలు అడగండి. లెదర్ సూది ఉందా, కుట్టు పొడవు పెంచగలరా, ముందు వేస్టు ముక్క మీద కుట్టి చూపిస్తారా. “ఏం కాదు సార్, ఇలాంటివి చాలా చేశాం” అంటూ జాకెట్‌ను నేరుగా మెషిన్ కిందికి తోసేస్తుంటే, మర్యాదగానే వెనక్కి తీసుకుని వచ్చేయండి.

## ఏ ప్యాచ్, ఎక్కడ

ఏ ప్యాచ్ ఎక్కడ ఉండాలన్న రూల్ ఏమైనా ఉందా?

మీకు లేదు. యుద్ధకాలపు ఏ-2లా కనిపించాలంటే మాత్రం ఒక పద్ధతి ఉంది. ఎడమ ఛాతీ మీద పేరు పట్టీ, దాని దగ్గరే దళం గుర్తు, ఎడమ భుజం మీద ఆర్మీ వైమానిక దళం గుర్తయిన రెక్కల నక్షత్రం. వీపు మీద విమానం పేరూ బొమ్మా రంగులతో వేయించుకునేవారు. దళాల గుర్తుల్లో కార్టూన్ జంతువులు అంతగా కనిపించడానికి కారణం ఉంది. వాల్ట్ డిస్నీ స్టూడియో చిత్రకారులు ఆ యుద్ధంలో సుమారు 1200 గుర్తులు గీసిచ్చారు. ఏ పద్ధతి పాటించినా జేబు మూత మీదికీ, అతుకు కుట్ల మీదికీ ప్యాచ్ ఎక్కకుండా చూసుకోండి. మందం ఎగుడుదిగుడుగా ఉన్నచోట సూది విరుగుతుంది.

బల్ల మీద తిన్నగా ఉంది, వేసుకుంటే వంకరగా ఉంది. కొలత ఎలా పెట్టాలి?

ఛాతీ చదునుగా ఉండదు కదా, బల్ల మీద పెట్టిన కొలత ఒంటి మీద ఎప్పుడూ తప్పుతుంది. ప్యాచ్ సైజులో కాగితం ముక్క కత్తిరించండి. జాకెట్ వేసుకుని జిప్పు పెట్టుకుని మామూలుగా నిలబడండి. కాగితం పెట్టడం ఇంకొకరి పని. మీరే వంగి చూసుకుంటూ పెట్టుకుంటే భుజం కిందికి జారి లెక్క మారిపోతుంది. తర్వాత కూర్చోండి, బైక్ హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపండి. కాగితం మడత పడిన చోట ప్యాచ్ కూడా మడత పడుతుంది.

కాగితాన్ని నిలపడానికి పెయింటర్లు వాడే మెత్తటి టేపు వాడండి. పారదర్శకంగా ఉండే మామూలు టేపు పీకినప్పుడు తోలు పైపూత కూడా లేచి వస్తుంది. గుర్తులు ప్యాచ్ కిందికి వచ్చే భాగంలోనే పెట్టండి. తోలు మీద పెన్ను గీత చెరగదు.

ఎయిర్ ఫోర్స్ గుర్తులు మామూలు జనం వేసుకుంటే కేసవుతుందా?

సైనికుడినని ఎదుటివాళ్లు నమ్మాలనే ఉద్దేశంతో సైనిక దుస్తులు, గుర్తులు ధరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 168 కింద నేరం. మూడు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 80 ఏళ్ల కిందటి అమెరికా దళం కార్టూన్ బొమ్మతో ఎవరూ మిమ్మల్ని సైనికుడనుకోరు. మన వైమానిక దళం పైలట్ రెక్కలు, హోదా గుర్తులు, ఇప్పుడు పనిచేస్తున్న స్క్వాడ్రన్ల ప్యాచ్‌లు మాత్రం జాకెట్‌కు ఎక్కించకపోవడమే మంచిది. కంటోన్మెంట్ వైపు వెళ్లేవాళ్లకు మరీను.

వీపు మీద చైనా జెండా, చైనా అక్షరాలున్న పెద్ద ప్యాచ్ చూశాను. దానికీ మన దేశానికీ సంబంధం ఉందంటున్నారు, నిజమేనా?

ఆ ప్యాచ్‌ను ‘బ్లడ్ చిట్’ అంటారు. జపాన్‌తో యుద్ధంలో చైనా తరఫున పోరాడిన విదేశీ వైమానికుల కోసం వచ్చింది, అమెరికా స్వచ్ఛంద పైలట్ల దళం ఫ్లయింగ్ టైగర్స్ లాంటి వాళ్లన్నమాట. విమానం కూలి పల్లెల్లో దిగిన పైలట్‌కు అక్కడి భాష రాదు. ఇతను మన యుద్ధానికి సాయపడుతున్న విదేశీయుడు, సైనికులూ ప్రజలూ ఇతన్ని కాపాడాలి అని ఆ అక్షరాల్లో రాసి ఉంటుంది.

ఇక మన సంబంధం. రెండో ప్రపంచయుద్ధంలో చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేసిన అమెరికన్లకు ఒక డాలు ఆకారపు గుర్తు ఉండేది. నీలం పట్టీ మీద ఒకవైపు చైనా సూర్యుడు, ఇంకోవైపు భారత నక్షత్రం, కింద ఎరుపు తెలుపు చారలు. అధికారికంగా వచ్చినవి చాలక, నచ్చక, చాలామంది ఇండియాలోనే స్థానిక పనివాళ్లతో చేయించుకున్నారు. రంగురంగుల తోలు ముక్కలు కత్తిరించి అతికినవి కొన్ని, జరీ తీగతో చేత్తో కుట్టినవి కొన్ని. మన పెళ్లి రవికెల మీద మగ్గం వర్క్ చేసే చేతులకు తెలిసిన పనే అది. ఇప్పటికీ సేకరించేవాళ్లు ‘ఇండియాలో చేసినది’ అంటే ప్రత్యేకంగా వెతుకుతారు.

అలాంటి జరీ ప్యాచ్ మీరు చేయించుకుంటే మెషిన్ కింద పెట్టకండి, ఫుట్ బరువుకు జరీ చుట్టలు నలిగిపోతాయి. అంచు వెంట చేత్తోనే కుట్టాలి.

## కుట్టేటప్పుడు

ఏ సూది వాడాలి? మామూలు సూదికీ లెదర్ సూదికీ తేడా ఏంటి?

లెదర్ సూది మొనను వెలుతురులో తిప్పి చూడండి. గుండ్రంగా ఉండదు, చిన్న ఉలిలా పలకలు పలకలుగా ఉంటుంది. మామూలు సూది దారాల మధ్య సందు వెతుక్కుంటూ దిగుతుంది. తోలులో ఆ సందు ఉండదు కాబట్టి మామూలు సూది పొడిచి నెడుతుంది, రంధ్రం చుట్టూ తోలు ఉబ్బుతుంది, కుట్లు తప్పిపోతాయి. లెదర్ సూది సన్నగా ఒక గాటు పెట్టి వెళ్లిపోతుంది. జాకెట్ తోలుకు 14 నంబర్, కాస్త మందమైతే 16 చాలు. పల్చటి గొర్రెతోలుకు 14 దాటొద్దు.

దారం నూలుదా, నైలానా?

పాలిస్టర్ లేదా మెలికలు వీడని బాండెడ్ నైలాన్. నూలు దారం చూడ్డానికి పాతకాలపు తళుకు లేని అందంతో ఉంటుంది, యుద్ధకాలపు జాకెట్లు కుట్టింది దానితోనే. కానీ చెట్టు బెరడుతో పదునుచేసిన తోలులో ఉండే టానిన్లు నూలును మెల్లగా తినేస్తాయి. మన వైపు ఒకప్పుడు తంగేడు చెక్కతో పదునుచేసిన తోళ్లు ఈ కోవలోవే. మరీ బలమైన దారం కూడా వద్దు. ఎప్పుడైనా ప్యాచ్ కొక్కేనికి తగులుకుంటే తెగాల్సింది దారం, చిరగాల్సింది తోలు కాదు.

కుట్లు దగ్గరదగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందిగా?

బట్టకైతే ఉంటుంది. తోలు మీద దగ్గర కుట్లు అంటే తపాలా బిళ్లల షీటుకు ఉండే రంధ్రాల వరుసే, లాగితే అక్కడే చిరుగుతుంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంచమనండి. ప్యాచ్ చుట్టూ ఒక్క వరుస చాలు. ఎక్స్ ఆకారంలో అడ్డంగా కొట్టే కుట్టు, అంచంతా కప్పేసే జిగ్‌జాగ్ కుట్టు రెండూ తోలుకు పనికిరావు.

చివర్లో రివర్స్ కొట్టి లాక్ చేయాలా?

వద్దు. రివర్స్ కొడితే అదే చోట రెండుమూడు గాట్లు పడి తోలు తెగుతుంది. మొదట్లో, చివర్లో అరచేయంత దారం వదలమనండి. పై దారాన్ని చేతి సూదితో అదే రంధ్రంలోంచి వెనక్కి లాగి, కింది దారంతో కలిపి రెండు ముళ్లు వేసి, చుక్క జిగురు పెట్టి కత్తిరించాలి. టైలర్లకు చిరాకు తెప్పించే పని ఇది. పక్కన నిలబడి అడిగితేనే చేస్తారు.

లైనింగ్‌తో కలిపి కుట్టేశారు. తప్పా?

జాకెట్ పాడవదు కానీ సుఖం ఉండదు. తోలు సాగినంత లైనింగ్ సాగదు, వేసుకున్న ప్రతిసారీ ప్యాచ్ చుట్టూ ముడత లాగుతుంది. జీ-1లాంటి వాటిలో లోపలి జేబు కూడా కుట్టులో పడి మూసుకుపోతుంది. లోపలివైపు కుట్టు చారలు కనిపిస్తాయి.

సరైన పద్ధతి ఏంటంటే, లైనింగ్ కింది అంచు దగ్గరో చంక కింది అతుకు దగ్గరో ఒక జానెడు కుట్టు విప్పి, అక్కణ్నుంచి చెయ్యి పోనిచ్చి తోలును ఒక్కదాన్నే బయటికి లాగి కుట్టాలి. పని అయ్యాక విప్పిన జానెడూ చేత్తో మూసేస్తే సరి. చేతుల మీద ప్యాచ్‌కైతే చేతి లైనింగ్‌ను మణికట్టు దగ్గర విప్పి లోపలికి తిప్పుకోవాలి. దీనికి షాపువాళ్లు ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. న్యాయమైన డబ్బే.

గుండుసూదులు గుచ్చకుండా ప్యాచ్ కదలకుండా ఎలా ఆపాలి?

రెండు వైపులా జిగురుండే సన్నటి టేపు ప్యాచ్ నడుమ మాత్రమే అతికించండి. అంచులకు రానీయొద్దు, సూది జిగురులోంచి దిగితే దానికి జిగురంటుకుని కుట్లు ఎగిరిపోతాయి. అంచు దగ్గరుంటే బట్టల క్లిప్పులు పెట్టొచ్చు, క్లిప్పుకూ తోలుకూ మధ్య గుడ్డముక్క ఉంచి.

ఇంట్లో ఉషా మెషిన్ ఉంది. దానిమీద నేనే కుట్టుకోవచ్చా?

పల్చటి తోలు ఒక్క పొర, మీద మామూలు ప్యాచ్ అయితే కుదురుతుంది. లెదర్ సూది బిగించండి, కుట్టు పొడవు పెద్ద నంబరుకు తిప్పండి. ఫుట్ తోలు మీద జారకపోతే మధ్యలో పల్చటి టిష్యూ కాగితం పెట్టి కుట్టి తర్వాత చింపేయొచ్చు. మోటారు కంటే చేత్తో చక్రం తిప్పడం మేలు, మూలల దగ్గర ఒక్కో కుట్టూ చూసుకుంటూ వెళ్లొచ్చు. మూల వచ్చినప్పుడు సూది తోలులో దిగి ఉండగానే ఫుట్ ఎత్తి జాకెట్ తిప్పండి. గొర్రెబొచ్చు లోపలికి ఉండే బీ-3 రకాన్ని మాత్రం ఇంటి మెషిన్ కింద దూర్చకండి, ఆ మందం దానికి ఎక్కదు.

మెషిన్ లేకుండా చేత్తో కుడితే?

నన్నడిగితే చిన్న ప్యాచ్‌కు ఇదే ఉత్తమం. మూడు పలకల మొన ఉండే చేతి సూది తెచ్చుకోండి. తోలు మీద రంధ్రాలు ముందే పెట్టుకుని, ఆ రంధ్రాల్లోంచి మొద్దు సూదితో కుట్టుకుపోతే చెయ్యి నొప్పి పుట్టదు, వరుస వంకర పోదు. ఎంబ్రాయిడరీ ప్యాచ్ చుట్టూ మందంగా ఉండే అంచుకు సరిగ్గా లోపలివైపు సూది దిగితే, కుట్టు ఆ దారాల్లో కలిసిపోయి బయటికి కనిపించదు.

## కుట్టకుండా చేయాలంటే

ప్యాచ్ వెనక ఐరన్-ఆన్ జిగురు ఉంది. గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే?

చేయొద్దు. ఆ జిగురు కరగడానికి ఇస్త్రీపెట్టె సుమారు 150 డిగ్రీల వేడిమీద ఉండాలి. కాస్త తేమ ఉన్న తోలు, పదునుచేసిన తీరునుబట్టి, అంతకంటే చాలా తక్కువ వేడికే కుంచించుకుపోతుంది. పైపూత అంతకంటే ముందే మెరుపు తేలి మచ్చపడుతుంది. కుంచించుకున్న తోలును, తోలు మెత్తబడడానికి రాసే ఏ కండిషనరూ వెనక్కి తేలేదు. అంత చేసినా జిగురు నున్నటి తోలును సరిగా పట్టదు, మూడో వానకు ఊడుతుంది. ఐరన్-ఆన్ ప్యాచ్‌ను మామూలు ప్యాచ్ అనుకుని కుట్టేయండి.

ఫెవిక్విక్‌తో అతికిస్తే?

అది ఆరాక గాజులా గట్టిపడుతుంది. తోలు వంగుతుంది, జిగురు వంగదు, అంచుల దగ్గర విరిగి గుచ్చుకుంటుంది. కారిన చోట తెల్లటి మచ్చ పడుతుంది. చెప్పుల షాపుల్లో వాడే రబ్బరు జిగురు వంగుతుంది కానీ, అందులోని ద్రావకం పైపూతను లేపగలదు. తీసేటప్పుడు తోలు రంగు కూడా ఊడొస్తుంది. జిగురు ఒక్కదాన్నే నమ్ముకునే పద్ధతి ఏదీ నేను సిఫారసు చేయను.

ప్యాచ్‌లు మారుస్తూ ఉండాలని ఉంది. వెల్‌క్రో వేస్తే జాకెట్‌కు దెబ్బా?

దెబ్బ ఒక్కసారే. ఎన్ని ప్యాచ్‌లు మార్చినా తోలుకు మళ్లీ సూది పడదు. జాకెట్‌కు మెత్తటి బొచ్చు వైపు కుట్టించండి, గరుకు వైపు ప్యాచ్‌కు. తలకిందులుగా చేస్తే, ప్యాచ్ లేని రోజున ఆ గరుకు ముళ్లు స్వెటర్లనూ పక్కవాళ్ల చున్నీలనూ పట్టుకుంటాయి. వెల్‌క్రో రంగు తోలు రంగుకు దగ్గరగా ఉండాలి. ఒకే సైజు పట్టీ పెట్టుకుని, ఇకమీద ఆ సైజు ప్యాచ్‌లే కొనడం తెలివైన పని. ప్యాచ్ తీసేటప్పుడు రెండో చేత్తో తోలును నొక్కిపట్టి తీయండి.

## తీసేయాలంటే

పాత ప్యాచ్ విప్పితే రంధ్రాలు పూడుతాయా?

పూడవు. ప్యాచ్ అంచును కొంచెం ఎత్తి, ప్యాచ్‌కూ తోలుకూ మధ్య కనిపించే దారాన్నే కత్తిరించండి. బ్లేడు అంచు ఎప్పుడూ ప్యాచ్ వైపే ఉండాలి, గాటు పడితే ప్యాచ్‌కే పడాలి. మిగిలిన దారం ముక్కలు పట్టకారుతో ఒక్కొక్కటీ తీయాలి. తర్వాత కొద్దిగా కండిషనర్ రాసి వేలితో రుద్దితే రంధ్రాలు కాస్త దగ్గరపడి కళ్లకు తక్కువ కనిపిస్తాయి, అంతే. అక్కడే అంతే సైజు కొత్త ప్యాచ్ పెడితే, మొద్దు సూదితో పాత రంధ్రాల్లోంచే చేత్తో కుట్టండి. మెషిన్ మీద పెడితే పాత వరుస పక్కనే కొత్త వరుస పడి, మధ్యలో తోలు పేలికలా మిగులుతుంది.

ప్యాచ్ ఊడింది, జిగురు మిగిలింది. అసిటోన్‌తో తుడవనా?

అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోల్, థిన్నర్ ఏవీ వద్దు. జిగురు కంటే ముందు తోలు రంగు పోతుంది. శుభ్రమైన వేలితోనో మెత్తటి పెన్సిల్ రబ్బరుతోనో నెమ్మదిగా ఉండచుడుతూ పోండి. రానిది వదిలేసి, దానిమీద ప్యాచ్ పెట్టేయడం నయం.

## వేసుకోవడం మొదలయ్యాక

వానలో తడిస్తే ఎర్ర ప్యాచ్ రంగు తోలుకు దిగుతుందా?

దిగొచ్చు. కుట్టకముందే తడిపిన తెల్లగుడ్డతో ప్యాచ్‌ను గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగంటితే ఆ ప్యాచ్‌ను చల్లటి నీళ్లలో కొన్నిసార్లు జాడించి, పూర్తిగా ఆరాకే వాడండి. అప్పటికీ దిగుతుంటే లేత గోధుమరంగు జాకెట్‌కు పనికిరాదు.

కండిషనర్ ప్యాచ్ మీద పడితే?

నూనె మరకలా ఉండిపోతుంది, ఉన్ని ప్యాచ్ అయితే మరీ. గుడ్డ చివరకు కొద్దిగా అద్దుకుని ప్యాచ్‌కు అర అంగుళం దూరంలో ఆపేయండి. స్ప్రే రకాలు వాడకండి.

విశాఖలో ఉంటాం, వానాకాలం జాకెట్‌కు బూజు పడుతోంది. ప్యాచ్ కింద కూడా పడుతుందా?

పడుతుంది, బయటికి కనిపించదు కూడా. ప్యాచ్‌కూ తోలుకూ మధ్య గాలి ఆడదు, చెమ్మ అక్కడే నిలుస్తుంది. తడిసిన జాకెట్‌ను ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చాకే బీరువాలో పెట్టండి. ఎండలో, హీటర్ ముందు ఆరబెట్టొద్దు. ప్లాస్టిక్ కవరు తీసేసి పాత నూలు దిండు గలీబు తొడగండి, భుజాలు వెడల్పుగా ఉండే హ్యాంగర్ వాడండి, సిలికా జెల్ పొట్లాలు జేబుల్లో వేయండి. బూజు కనిపిస్తే పొడిగుడ్డతో ఇంటి బయట తుడవండి. ఉన్ని ప్యాచ్‌లుంటే నెలకోసారి వెనకా ముందూ చూసుకోండి, చిమ్మటలు తోలును వదిలేసి ముందు వాటినే కొరుకుతాయి.

డ్రైక్లీనింగ్‌కు ఇవ్వొచ్చా?

తోలు పని విడిగా చేసే చోటైతేనే ఇవ్వండి. ఇచ్చేముందు ఏ ప్యాచ్ దేనితో చేసిందో, జరీ ఉందో లేదో రసీదు మీద రాయించి, నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోండి. వెల్‌క్రో ప్యాచ్‌లు ఇంట్లోనే తీసి ఉంచుకోండి.